పాత వామనగుంతల పీట, పొంగిన క్యారమ్ బోర్డు ఇంట్లోనే బాగు చేసుకోవడం ఎట్టా

నెల్లూరు, కావలి, కందుకూరు, కనిగిరి ఎటు పోయినా పాత మిద్దెల్లో అటక దులిపితే మడత వామనగుంతల పీటో, మధ్యలో పొంగిన క్యారమ్ బోర్డో బయటపడుతుంది. పీటకి వార్నిష్ కొట్టి షోకేసులో పెట్టేస్తారు, బోర్డుని పాత సామాన్లాయనకి ఇచ్చేస్తారు. రెండూ చెయ్యొద్దండి. పిల్లలు మళ్ళీ కూర్చుని ఆడుకునేట్టు బాగు చేసుకోవచ్చు, దానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

ముందు పీటని వెలుతురులోకి తెచ్చి ఒక్కో గుంతలో బొటనవేలు తిప్పి చూడండి. ఉలితో తొలిచిన పీట అయితే అడుగున చిన్న చిన్న గాట్లు వేలికి తగులుతాయి, ఒక గుంత లోతుకి ఇంకో గుంత లోతుకి కాస్త తేడా ఉంటుంది, మెషీన్ మీద తీసిందైతే 14 గుంతలూ ఒకే అచ్చు. గుంతల అంచులు నున్నగా మెరుస్తా ఉంటాయి చూడండి, అది ఏ పాలిషో కాదు, అవ్వలూ అమ్మలూ ఏళ్ళ తరబడి పిక్కలు తీసి పంచి తీసి పంచి వాళ్ళ వేళ్ళ రాపిడికి వచ్చిన మెరుపు. శాండ్ పేపర్ పెట్టారంటే ఐదు నిమిషాల్లో పోతుంది, మళ్ళీ ఎంత పనిమంతుడైన వడ్రంగి కూడా దాన్ని తేలేడు. కాబట్టి పీట మీద శాండ్ పేపర్ మాత్రం వాడొద్దు.

దుమ్ము పాత టూత్ బ్రష్‌తో పొడిగానే దులపండి. జిడ్డు ఉంటే గుడ్డని సబ్బునీళ్ళలో ముంచి గట్టిగా పిండి తుడవండి, వెంటనే పొడి గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. కుళాయి కింద పెట్టి కడగొద్దు, కడిగాక ఎండలో అసలు పెట్టొద్దు, మన మే నెల ఎండకి తడి చెక్క పగిలిపోతుంది.

తర్వాత పురుగు సంగతి. సన్నటి బెజ్జాలు ఉంటే పీటని ఒక నల్ల కాగితం మీద నాలుగైదు రోజులు కదపకుండా ఉంచండి. కాగితం మీద పిండి లాంటి పొడి రాలితే లోపల పురుగు ఇంకా బతికే ఉంది, రాలకపోతే అవి బహుశా పాత బెజ్జాలే. పురుగు ఉంటే పాలిథిన్ కవర్లో పెట్టి గాలి పోకుండా టేప్ వేసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి, మ్యూజియం వాళ్ళు కూడా మందు కొట్టకుండా చల్లదనంతో పురుగుని చంపుతారు. బయటికి తీశాక కవర్ ఒక రోజంతా విప్పొద్దు, విప్పితే చెమ్మ చెక్క మీదే పడుతుంది. పిల్లలు ముట్టుకునే వస్తువు కాబట్టి నాకైతే పురుగుమందు కన్నా ఇదే నయం అనిపిస్తుంది.

మధ్యలో బందులు వదులైతే కొత్తవి వేసేయకండి, పాత ఇత్తడి బందు పీటకి అందం. స్క్రూలు విప్పి, బెజ్జంలో ఫెవికాల్ పూసిన వెదురు పుల్ల దిగ్గొట్టి, ఆరాక పైకి ఉన్నది కోసేసి అదే స్క్రూ మళ్ళీ బిగించండి, గట్టిగా పట్టుకుంటుంది. ఇత్తడిని చింతపండుతో తోమాలంటే బందు ఊడదీశాకే తోమాలి, ఆ పులుపు చెక్కకి తగిలితే మచ్చ పడుతుంది. పీట చీలి ఉంటే చీలికలోకి జిగురు పోనిచ్చి, పాత సైకిల్ ట్యూబుని పొడుగు పట్టీలా కోసి పీట చుట్టూ సాగదీసి బిగించి ఒక రోజు వదిలేయండి, క్లాంపులు కొనక్కర్లేదు. ఒక మూల ముక్కే లేకపోతే ఉదయగిరి వైపు అడిగి చూడండి, అక్కడి చెక్క గరిటెలకి జీఐ గుర్తింపు (ఆ ఊరి ప్రత్యేక వస్తువని ఇచ్చే గుర్తింపు) ఉంది, చిన్న ముక్కని చేత్తో చెక్కడంలో వాళ్ళ చెయ్యి వేరు.

ఆఖర్న నూనె. కొబ్బరినూనె, శనక్కాయ నూనె వద్దు, అవి ఆరవు, జిడ్డుగా ఉండి దుమ్ము పట్టి కంపు కొడతాయి. అవిసె నూనె ఆరి గట్టిపడుతుంది, గుడ్డతో పైనా కిందా పల్చగా రాసి పావుగంట ఆగి మొత్తం తుడిచెయ్యండి, వాసన పోయిందాకా పిల్లలకి ఇవ్వొద్దు. ఆ గుడ్డని మాత్రం ఉండ చుట్టి మూల పడేయొద్దు, అవిసె నూనె ఆరేటప్పుడు వేడెక్కుతుంది, ఆ ఉండ దానంతట అదే అంటుకునే ప్రమాదం ఉంది, విప్పి బయట తీగ మీద ఆరేయండి.

పిక్కలు గుంతకి 5 వేసి ఆడితే 70 కావాలి, 4 వేసే ఇళ్ళల్లో 56 చాలు. చింతపిక్కలు కడిగి ఎండబెట్టి కొంచెం వేయించి పెట్టుకుంటే పుచ్చవు. తమిళులు పల్లాంగుళి అని, కన్నడ వాళ్ళు అళిగుళి మణె అని ఆడేది కూడా ఈ ఆటే, ఆఫ్రికాలో ఆడే మంకాలా ఆటలన్నీ దీని చుట్టాలే.

పీటతో పాటు ఏటికొప్పాక, కొండపల్లి బొమ్మలు కూడా దొరికాయా, వాటికి ఈ పద్ధతులేవీ పనికిరావు. ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్ర మీద లక్క, తిరిగే కర్రకి లక్క ఒత్తితే ఆ రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది, మొగలి ఆకుతో మెరుపు తెస్తారు. లక్క స్పిరిట్‌కి కరుగుతుంది కాబట్టి శానిటైజర్‌తో తుడిస్తే రంగు చేతికొస్తుంది. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి చెక్క, అతుకులకి వాడే మక్కు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసింది, తడి తగలనీయొద్దు, మెత్తటి బ్రష్ చాలు.

ఇక క్యారమ్ బోర్డు. పొడుగు స్టీల్ స్కేలు బోర్డు మీద అంచు మీద నిలబెట్టి వెనక నుంచి టార్చి వెయ్యండి, స్కేలు కింద వెలుగు కనపడే చోట పల్లం, కనపడని చోట ఎత్తు. బోర్డు పొంగేది చెమ్మకే, పైన పాలిష్ ఉంటుంది, వెనక చాలా బోర్డులకి ఉత్త ప్లైవుడ్డే, మన సముద్రపు గాలికి, అక్టోబరు నుంచి పడే వానలకి వెనక నుంచే చెమ్మ తాగుతుంది. పొరలు ఊడకపోతే బోర్డుని సమంగా ఉన్న నాపరాళ్ళ మీద ఆడే వైపు పైకి ఉండేట్టు వేసి, పొంగిన చోట ప్లైవుడ్ మీద పడేట్టు బరువు పెట్టి నీడలో వారం పది రోజులు ఉంచండి. సరయ్యాక వెనకవైపు వార్నిష్ రెండు కోట్లు వెయ్యండి, ఇక్కడ మాత్రం వార్నిష్ కావాల్సిందే. పొరలు ఊడిపోతే చుట్టూ ఉన్న చెక్క ఫ్రేము అట్టే పెట్టి లోపల ప్లైవుడ్ మార్పించండి, మంచి కర్రతో చేసిన పాత ఫ్రేముకి ఉండే రిబౌండ్ (తగిలిన కాయిన్ వెనక్కి వచ్చే ఊపు) ఇప్పటి చౌక బోర్డులకి రాదు. 8 మిల్లీమీటర్లకి తక్కువ మందం వేయించొద్దు.

కాయిన్లు 9 తెల్లవి, 9 నల్లవి, ఒక రెడ్ లెక్క చూసుకోండి. ఒకటి పోయిందని వేరే సెట్టులోది కలిపితే బరువు తేడా వచ్చి ఆట చెడుతుంది, కాయిన్ 5 నుంచి 5.5 గ్రాములు ఉండాలి, స్ట్రైకర్ 15 గ్రాములు దాటకూడదు. కాయిన్లు జారడానికి బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ పిల్లల నోట్లోకి పోకూడదు, ఆట అయ్యాక చేతులు కడిగించండి. ఆడనప్పుడు బోర్డుని గోడకి ఏటవాలుగా చేరగిలేయొద్దు, మంచం కింద పడుకోబెట్టండి, లేదా మేకుకి నిలువుగా తగిలించండి, ఆ గోడకి మాత్రం వానాకాలంలో చెమ్మ రాకూడదు.