జర్మన్ పత్రికల్లో ‘మనం’ అంటే ఎవరు: కొత్తగా వచ్చినవారికి

జర్మన్ భాష బీ1 (మధ్యస్థ స్థాయి) దాకా వచ్చిందంటే పత్రిక పట్టుకోవచ్చు. ఎవరు జర్మన్ అన్న వాదన అందులో ఏడాది పొడవునా సాగుతూనే ఉంటుంది. రేపు పౌరసత్వం అడగబోయే మీకు అది పరాయి గొడవ కాదు. చందా అక్కర్లేదు, చాలా ఊళ్లలో నగర గ్రంథాలయం కార్డు ఉంటే పత్రికలు ఫోన్‌లోనే వస్తాయి.

ముందు శీర్షిక పైనున్న చిన్న మాట చూడండి. ‘కొమెంటార్’, ‘మైనుంగ్’ అని ఉంటే అది అభిప్రాయం. ‘గాస్ట్‌బైట్రాగ్’ అంటే బయటివారు రాసింది, తరచూ రాజకీయ నాయకులే రాస్తారు.

కొత్తవారు ఎక్కువగా పొరబడేది క్రియ దగ్గర. 2018లో హోంమంత్రి జేహోఫర్ బిల్డ్ పత్రికతో ‘ఇస్లాం జర్మనీకి చెందదు’ అన్నారు. ఆయన నోట వచ్చిన క్రియ ‘గెహోర్ట్’ (చెందుతుంది). అదే మాటను విలేకరి తన వాక్యంలో చెప్పేటప్పుడు ‘గెహోరే’ అవుతుంది. ‘ఇస్ట్’ (ఉంది) కూడా అలాగే ‘జై’గా మారుతుంది. మన తెలుగులో ‘చెందదట’ అన్నట్టే: మాట ఆయనది, పూచీ పత్రికది కాదు. అనువాదం యాప్‌లో చదివితే ఈ ‘అట’ చాలాసార్లు ఎగిరిపోతుంది, నాయకుడి మాట పత్రిక తీర్పులా కనిపిస్తుంది. శీర్షికల్లోనైతే పేరు, కోలన్ పెట్టి మాటను ఉన్నదున్నట్టు వేస్తారు. కోలన్ మీద ఓ కన్నేయండి.

ఇక మాటలు. ‘లైట్‌కుల్టూర్’ అంటే వచ్చినవారు నడుచుకోవాల్సిన ప్రధాన సంస్కృతి. సీడీయూ పార్టీ నాయకుడు ఫ్రీడ్రిష్ మెర్ట్స్ 2000లో ఈ మాట ఎత్తుకున్నాక పెద్ద రచ్చయింది. ‘ఫెర్ఫాసుంగ్స్‌పాట్రియోటిస్ముస్’ అంటే పుట్టుక మీద కాక రాజ్యాంగం మీద నిలిచే దేశభక్తి. రాజనీతి పండితుడు డోల్ఫ్ ష్టెర్న్‌బెర్గర్ 1979 మే 23న ఫ్రాంక్‌ఫుర్టర్ అల్గెమైనె పత్రికలో దీని గురించి రాశారు. రాసినవారు ఈ రెంటిలో దేన్ని ఎత్తుకున్నారో చూస్తే వారి ‘మనం’లో మీకు చోటుందో లేదో తెలిసిపోతుంది. ‘మిగ్రాత్సియోన్స్‌హింటర్‌గ్రుండ్’ (వలస నేపథ్యం) గణాంకాల మాట: తాను గానీ తల్లిదండ్రుల్లో ఒక్కరు గానీ పుట్టుకతో జర్మన్ పౌరులు కాకపోతే చాలు. అంటే జర్మనీలోనే పుట్టి జర్మన్ పాస్‌పోర్టున్న మీ బిడ్డ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. దీన్ని ‘విదేశీయులు’ అని చదువుకోకండి.

నేర వార్తల్లో నిందితుడి జాతి, మతం రాయాలంటే తగిన ప్రజాప్రయోజనం ఉండాలని పత్రికా నియమావళి 12.1 చెబుతుంది. ఊరికే రాశారనిపిస్తే తేదీ, లింకు, అభ్యంతరకరమైన వాక్యం జతచేసి ప్రెసెరాట్‌కు (జర్మన్ పత్రికా మండలికి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. ఎవరైనా పెట్టవచ్చు, రుసుము లేదు.