కూలెంట్ సంపులోనే ఎక్కువకాలం నిలవాలంటే

లోహం కోసే షాపు వల్ల చుట్టుపక్కల నేలకూ నీళ్లకూ జరిగే చెరుపులో ముందు చూడాల్సింది పాడైన కూలెంట్, అంటే కోసేటప్పుడు వేడి తగ్గించడానికి పోసే నూనె, నీళ్ల మిశ్రమం. మెషిన్ సంపులో (కూలెంట్ నిలిచే తొట్టిలో) ఆరు నెలలు పనిచెయ్యాల్సింది ఆరు వారాలకే కుళ్లితే, పారబొయ్యాల్సింది నాలుగింతలవుతుంది.

కలపడంలోనే సగం తప్పులు. నీళ్లలో కూలెంట్ నూనె పొయ్యాలి, నూనెలో నీళ్లు కాదు. తిరగేస్తే మజ్జిగలా కలవక గడ్డలు కడుతుంది. 200 లీటర్ల సంపుకు 6 శాతం కావాలంటే 188 లీటర్ల నీళ్లు, 12 లీటర్ల నూనె. బోరు నీళ్లు బాగా ఉప్పగా ఉంటే తెట్టు కడతాయి, కొంత ఆర్‌ఓ నీళ్లు కలపండి.

మిశ్రమం ఎంత చిక్కగా ఉందో చూపే రిఫ్రాక్టోమీటర్‌తో రోజూ చూడండి. అందులో కనిపించిన అంకెను నూనె డేటాషీట్‌లో ఇచ్చిన ఫ్యాక్టర్‌తో గుణించాలి. రీడింగ్ 4, ఫ్యాక్టర్ 1.5 అయితే 6 శాతం. చాలామంది ఈ గుణకారం మరిచి, పలచగా ఉందనుకుని నూనె దండగ చేస్తారు. ఎండకు ఆవిరయ్యేది ప్రధానంగా నీళ్లే కాబట్టి, తగ్గినప్పుడు 1–2 శాతం పలచటి మిశ్రమం పోస్తే చాలు. ఉత్త నీళ్లు వద్దు.

ఆదివారం మెషిన్లు ఆగితే సోమవారం కుళ్లిన గుడ్ల కంపు ఎందుకు? స్లైడ్‌వేల (మెషిన్ భాగాలు జారే పట్టాల) నుంచి కారిన నూనె పైన పొరలా పేరుకుని గాలిని ఆపేస్తుంది. కింద గాలి అక్కర్లేని బ్యాక్టీరియా పెరుగుతుంది. పైన తేలే నూనెను తీసే స్కిమ్మర్‌తో ఆ పొర తీసెయ్యండి. సెలవు రోజుల్లో అక్వేరియం ఎయిర్ పంపు పెట్టినా బాగా పనిచేస్తుంది. పీహెచ్ 9 దగ్గర ఉండాలి, 8.5 కిందికి జారుతోందంటే కుళ్లడం మొదలైనట్టే. ఫినాయిల్ పోస్తే వాసన మూతపడుతుంది తప్ప జబ్బు పోదు, పైగా ఆపరేటర్ చేతులు పాడవుతాయి.

చిప్స్‌తో (కోసిన లోహపు తునకలతో) పాటు పోయే కూలెంట్ కూడా తక్కువేం కాదు. అడుగున చిల్లులున్న తొట్టిలో, కప్పు కింద, సిమెంటు నేలమీద ఒక రోజు ఓడనివ్వండి. కారింది వడకట్టి మళ్లీ సంపులో పొయ్యండి. తడి చిప్స్ ఆరుబయట పోస్తే తొలి వానకే నూనె నేలలోకి దిగుతుంది.

చివరికి తియ్యక తప్పనప్పుడు డ్రైనేజీలో పొయ్యకండి. మురుగు కాలువలోకి వదిలే నీళ్లలో నూనె, గ్రీజు లీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. మీ సంపులో ఉన్నది 6 శాతం, అంటే లీటరుకు సుమారు 60,000 మిల్లీగ్రాములు. మూత ఉన్న డ్రమ్ముల్లో లేబుల్ అంటించి, 90 రోజుల్లోగా అనుమతి ఉన్న సంస్థకు ఫారం 10 మానిఫెస్ట్‌తో (వ్యర్థం రవాణాకు రాసే పత్రంతో) అప్పగించాలి. హైదరాబాద్ వాళ్లకు దుండిగల్, విశాఖ వాళ్లకు పరవాడ దగ్గర ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రాలున్నాయి. స్కిమ్మర్‌తో తీసిన నూనె పొరను వేరే డ్రమ్ములో ఉంచండి, కూలెంట్‌తో కలిపితే రీసైక్లర్ తీసుకోడు.