ఆఫీసుకి సొంత మెయిల్ సర్వర్: ఓపెన్ సోర్స్‌లో ఏది పెట్టుకోవాలో తేల్చుకోవడం ఎలా

నలభై, యాభై మంది పనిచేసే కంపెనీకి ఒక్కో మెయిల్‌బాక్స్‌కి నెలనెలా డబ్బు కట్టడం కొన్నాళ్లకి భారమనిపిస్తుంది. సొంత సర్వర్ పెట్టుకుందామనే ఆలోచన అక్కడే మొదలవుతుంది. మంచి ఆలోచనే. అయితే చాలామంది ఫీచర్ల పట్టికలు పక్కపక్కన పెట్టుకుని పోలుస్తారు. వాటితో పెద్దగా తేలేదేమీ ఉండదు. చాలా ప్యాకేజీల్లో మెయిల్ పంపేది పోస్ట్‌ఫిక్స్, మెయిల్‌బాక్స్ తెరిచి చూపేది డవ్‌కాట్. ఏది పెట్టినా మెయిల్ వెళ్తుంది, వస్తుంది. తేడా అంతా క్యాలెండర్ దగ్గర, అవుట్‌లుక్ దగ్గర, రోజూ సర్వర్ చూసుకునే మనిషి దగ్గర బయటపడుతుంది.

ముందు ఐపీ సంగతి

సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందే ఈ ప్రశ్న తేలాలి: మీ సర్వర్ నుంచి బయటికి 25వ పోర్టు (ఒక మెయిల్ సర్వర్ ఇంకో దానికి మెయిల్ అందించే దారి) తెరిచి ఉందా? గూగుల్ క్లౌడ్ ఆ పోర్టుని సాధారణంగా మూసే ఉంచుతుంది. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ కూడా మొదట మూసే ఉంచి, ఫారం నింపి అడిగితే తెరుస్తుంది. ఆ ఫారంలోనే రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ, అంటే అంకెల చిరునామా, నుంచి సర్వర్ పేరు తెలిపే రికార్డు) కూడా అడగొచ్చు. ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ మీద సర్వర్ నడుపుదామనుకుంటే మానుకోండి. మారిపోయే ఐపీలు సాధారణంగా స్పామ్ చిరునామాల జాబితాలు నడిపే స్పామ్‌హౌస్ వారి పీబీఎల్ జాబితాలో (నేరుగా మెయిల్ పంపకూడని ఐపీల జాబితా) ఉంటాయి. వాటి నుంచి వచ్చే మెయిల్‌ని చాలా సర్వర్లు గుమ్మంలోనే తిప్పి పంపుతాయి. స్టాటిక్ ఐపీ ఉన్న లీజ్డ్ లైన్ అయితే పీటీఆర్ రికార్డు (పైన చెప్పిన రివర్స్ డీఎన్‌ఎస్) పెట్టించమని కనెక్షన్ ఇచ్చిన కంపెనీని రాతపూర్వకంగా అడగండి. అది మీ డొమైన్ ప్యానెల్‌లో పెట్టుకునేది కాదు, ఐపీ ఎవరిదో వాళ్లే పెట్టాలి. సర్వర్ పేరు మెయిల్ డాట్ మీ డొమైన్ అయితే ఆ పేరు ఐపీకి వెళ్లాలి, ఐపీ తిరిగి అదే పేరుకి రావాలి. రెండు వైపులా కలవకపోతే జీమెయిల్ దగ్గర ఇబ్బంది తప్పదు.

ఐపీ ఎంతకీ కుదరకపోతే మెయిల్‌బాక్సులు మీ దగ్గరే ఉంచుకుని, బయటికి పంపడానికి మాత్రం డబ్బు కట్టే రిలే సర్వీసు (మీ మెయిల్‌ని తన సర్వర్ల నుంచి పంపిపెట్టేది) వాడొచ్చు. పోస్ట్‌ఫిక్స్‌లో రిలే హోస్ట్ సెట్టింగ్ ఒక్కటి చాలు, 587 పోర్టు మీద పని జరిగిపోతుంది. చిన్న కంపెనీకి నా సలహా కూడా ఇదే. కొత్త ఐపీకి మంచి పేరు రావడానికి వారాలు పడుతుంది, ఆలోపు కస్టమర్‌కి వెళ్లాల్సిన ఇన్‌వాయిస్ స్పామ్‌లో పడి ఉంటుంది.

మెయిల్ దేనిలో చూస్తారు

ఉద్యోగుల్ని అడిగి రాసుకోండి: ఎంతమంది అవుట్‌లుక్, ఎంతమంది థండర్‌బర్డ్, ఎంతమంది బ్రౌజర్, ఎంతమంది ఫోన్ ఒక్కటే. సాఫ్ట్‌వేర్‌ని తేల్చేది ఈ కాగితమే.

థండర్‌బర్డ్, ఐఫోన్ రెండూ సర్వర్‌తో క్యాలెండర్‌నీ కాంటాక్టుల్నీ కలిపే క్యాల్‌డావ్, కార్డ్‌డావ్ పద్ధతుల్ని నేరుగా అర్థం చేసుకుంటాయి. ఆండ్రాయిడ్‌కి డావ్‌ఎక్స్‌5 అనే యాప్ వేస్తే క్యాలెండర్, కాంటాక్టులు సర్దుకుంటాయి. చిక్కంతా అవుట్‌లుక్‌తోనే. అది మెయిల్ వరకు ఐమ్యాప్ అనే పద్ధతితో బాగానే తెస్తుంది కానీ క్యాల్‌డావ్ తెలియదు. పాత డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌కి క్యాల్‌డావ్ సింక్రనైజర్ అనే ఉచిత యాడ్-ఇన్ ఉంది. విండోస్‌కి వచ్చిన కొత్త అవుట్‌లుక్ అలాంటి యాడ్-ఇన్‌లని తీసుకోదు. కాబట్టి ఆఫీసులో సగం మంది అవుట్‌లుక్ క్యాలెండర్ మీదే మీటింగులు పెట్టుకుంటుంటే చూడాల్సింది గ్రోమ్యూనియో. మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్ మాట్లాడే మాపీ భాషే అదీ మాట్లాడుతుంది, అవుట్‌లుక్‌కి యాడ్-ఇన్ అక్కర్లేదు. దాని ఉచిత ఎడిషన్‌లో యూజర్ల సంఖ్యకి పరిమితి చాలా తక్కువ, కంపెనీకి సబ్‌స్క్రిప్షన్ తప్పదు. ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి.

పేర్లు, వాటి స్వభావాలు

అవుట్‌లుక్ బెడద లేని నలభై మంది ఆఫీసుకి మొదట మెయిల్‌కౌ పరీక్షించమంటాను. డాకర్ (ప్రోగ్రాముల్ని కంటైనర్లు అనే విడివిడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడుస్తుంది. పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్, స్పామ్ పట్టే ఆర్‌స్పామ్‌డీ, వైరస్ చూసే క్లామ్‌ఏవీ, వెబ్‌మెయిల్‌కీ క్యాలెండర్‌కీ సోగో అన్నీ అందులోనే ఉంటాయి. అడ్మిన్ ప్యానెల్ తేలిక, అప్‌డేట్ ఒక్క స్క్రిప్టుతో అయిపోతుంది. సోగో యాక్టివ్‌సింక్ (ఫోన్‌తో మెయిల్, క్యాలెండర్, కాంటాక్టులు కలిపే పద్ధతి) కూడా ఇస్తుంది కాబట్టి ఫోన్లలో ఎకౌంట్ కలపడం సులువు. చవక వీపీఎస్‌లలో (అద్దెకి దొరికే వర్చువల్ సర్వర్లు) వచ్చే ఓపెన్‌వీజెడ్, ఎల్‌ఎక్స్‌సీ రకం మీద మాత్రం పెట్టకండి. కేవీఎం రకమో, సొంత మెషీనో కావాలి.

డాకర్ వద్దనుకునేవాళ్లకి ఐరెడ్‌మెయిల్. డెబియన్, ఉబుంటు, రెడ్‌హ్యాట్ కుటుంబం మీద నేరుగా ఎక్కుతుంది. అప్పుడే వేసిన ఖాళీ ఓఎస్ మీదే పెట్టాలి. అప్పటికే వెబ్‌సైటు నడుస్తున్న సర్వర్ మీద ఎక్కిస్తే రెండూ పాడవుతాయి. ఉచిత ప్యానెల్‌లో డొమైన్లు, యూజర్లు చూసుకోవచ్చు. సేల్స్ పేరుతో వచ్చిన మెయిల్ ముగ్గురికి వెళ్లేలాంటి ఏలియాసులు ప్యానెల్ నుంచే పెట్టుకోవాలంటే డబ్బు కట్టే ప్రో ఎడిషన్ కావాలి, లేదంటే డేటాబేస్‌లోకి దిగి రాసుకోవాలి.

ఐదుగురు, పదిమంది ఉన్న చోట మెయిల్-ఇన్-ఎ-బాక్స్ చాలు. తనకి నచ్చిన పద్ధతిలోనే అన్నీ పెడుతుంది, మార్పులు చేయనివ్వదు. ఆ పట్టుదలే దాని బలం కూడా.

జింబ్రా పేరు మన దగ్గర పాతకాలం అడ్మిన్లందరికీ పరిచయం. అందుకే హెచ్చరిక కాస్త గట్టిగా చెప్పాలి. అధికారికంగా రెడీమేడ్ ఇన్‌స్టాలర్‌తో వచ్చిన చివరి ఓపెన్ సోర్స్ ఎడిషన్ 8.8.15. దానికి సపోర్టు 2023 డిసెంబరు 31తో ముగిసింది. తొమ్మిదో వెర్షన్ నుంచి సోర్సు మాత్రమే ఇచ్చారు. 2022లో జింబ్రా మీద తీవ్రమైన దాడులు జరిగాయి. అటాచ్‌మెంట్ విప్పే సీపీఐఓ ప్రోగ్రాంలోని లోపంతో, మెయిల్ పంపడం ద్వారానే సర్వర్‌లోకి చొరబడగలిగారు. ఇంకా 8.8.15 నడుపుతున్న ఆఫీసు ఉంటే ఈ వారమే మార్చే పని మొదలుపెట్టండి. జింబ్రా అలవాటు ఉన్నవాళ్లకి జెక్స్‌ట్రాస్ వారి కార్బోనియో కమ్యూనిటీ ఎడిషన్ దగ్గరి చుట్టం లాంటిది.

నెక్స్ట్‌క్లౌడ్ గురించి ఒక అపోహ ఉంది. అందులోని మెయిల్ అనేది మెయిల్ చదివే యాప్, సర్వర్ కాదు. ఫైళ్లు, క్యాలెండర్, వీడియో కాల్స్ దానిలో చాలా బాగుంటాయి. పై వాటిలో ఒకదాన్ని వెనక పెట్టి, ముందు నెక్స్ట్‌క్లౌడ్ పెట్టుకునే కంపెనీలు ఉన్నాయి. అలా చేస్తే క్యాలెండర్ ఒక్కచోటే ఉంచండి. సోగోలో ఒకటి, నెక్స్ట్‌క్లౌడ్‌లో ఒకటి పెడితే మీటింగులు సగం సగం అవుతాయి.

ఏది ఎంచుకున్నా ఒక పని తప్పక చేయండి: ప్రాజెక్టు విడుదలల పేజీ తెరిచి చివరి ఆరు నెలల్లో సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చాయో లేదో చూడండి. రాకపోతే అక్కడితో వదిలేయండి.

మెషీన్ ఎంత

మెయిల్‌కౌకి కనీసం 6 జీబీ ర్యామ్, 1 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు స్థలం) కావాలని వాళ్ల డాక్యుమెంట్లే చెబుతాయి. నలభై మందికి 8 జీబీ తీసుకోండి. ర్యామ్ ఎక్కువగా తినేది క్లామ్‌ఏవీ. వైరస్ జాబితా కొత్తది వచ్చినప్పుడు పాతదీ కొత్తదీ రెండూ కాసేపు మెమరీలో ఉంటాయి. 4 జీబీ మెషీన్‌లో సరిగ్గా ఆ నిమిషాల్లోనే సర్వర్ పడిపోతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు.

డిస్కుకి లెక్క: మనిషికి 10 జీబీ చొప్పున నలభై మందికి 400 జీబీ. పెరిగేందుకు సగం కలిపి 600. బ్యాకప్ వేరే మెషీన్‌లో, వేరే ఊళ్లో ఉంటే మంచిది.

మెయిల్‌కౌ బ్యాకప్‌లో ఒక ఉచ్చు ఉంది. మెయిళ్లని డిస్కు మీద ఎన్‌క్రిప్ట్ చేసి దాస్తుంది, తాళంచెవి క్రిప్ట్ అనే వేరే వాల్యూమ్‌లో ఉంటుంది. మెయిళ్ల ఫోల్డర్ ఒక్కటే కాపీ చేసుకుంటూ పోతే, అవసరమొచ్చిన రోజున ఒక్క మెయిల్ కూడా తెరుచుకోదు. దాంతోపాటు వచ్చే బ్యాకప్ స్క్రిప్టుతో అన్నీ కలిపే తీయండి. ఖాళీ మెషీన్ మీద తిరిగి నింపి, ఒక పాత మెయిల్‌ని అటాచ్‌మెంట్‌తో సహా తెరిచి చూడండి. అప్పటిదాకా ఉద్యోగుల్ని ఈ సర్వర్ మీదికి తేకండి.

ఎక్కడెక్కడ దెబ్బతింటుంది

మొదటిది డీఎన్‌ఎస్, అంటే మీ డొమైన్ రికార్డులుండే చోటు. ఎస్‌పీఎఫ్ రికార్డు (మీ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పేది) డొమైన్‌కి ఒక్కటే ఉండాలి. పాత సర్వీసుది ఉంచి కొత్తది ఇంకో వరుసగా పెడితే రెండూ చెల్లవు. లోపల డీఎన్‌ఎస్ వెతుకులాటలు 10 దాటినా తప్పే. డీకిమ్ (మెయిల్ మీ డొమైన్‌దేనని రుజువు చేసే సంతకం) తాళం 2048 బిట్లది పెట్టండి. దాన్ని రాసే టీఎక్స్‌టీ రికార్డులో ఒక్కో ముక్క 255 అక్షరాలు దాటకూడదు కాబట్టి కొన్ని డొమైన్ ప్యానెళ్లలో దాన్ని రెండు ముక్కలుగా పెట్టాలి. డీమార్క్ (ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే రికార్డు) మొదట పీ నన్‌తో, అంటే ఏమీ చేయొద్దనే విలువతో, మొదలుపెట్టి రిపోర్టులు చూసుకోండి. జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి పంపేవాళ్లందరినీ ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ అడుగుతోంది, రోజుకి 5000 దాటితే రెండూ ఉండాలి, డీమార్క్ కూడా.

స్పామ్ జాబితాల్ని అడిగే డీఎన్‌ఎస్ ఇంకో చోటు. సర్వర్‌లో గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8 పెడితే స్పామ్‌హౌస్ ఆ ప్రశ్నలకి అసలు జవాబు ఇవ్వదు, 127.255.255 తో మొదలయ్యే ఎర్రర్ కోడ్ తిప్పి పంపుతుంది. పోస్ట్‌ఫిక్స్‌లో ఏ జవాబొచ్చినా తిరస్కరించు అని రాసి ఉంటే ఆ రోజు ఆఫీసుకి ఒక్క మెయిల్ కూడా రాదు. అన్‌బౌండ్ లాంటి సొంత రిజాల్వర్ (డీఎన్‌ఎస్ జవాబులు వెతికిపెట్టే ప్రోగ్రాం) పెట్టుకోండి. మెయిల్‌కౌలో అది ఉండనే ఉంది.

అటాచ్‌మెంట్ల సైజు. పోస్ట్‌ఫిక్స్ సొంత డిఫాల్ట్ పరిమితి 1,02,40,000 బైట్లు, సుమారు 10 ఎంబీ. మెయిల్‌లో ఫైలు వెళ్లేటప్పుడు దాని సైజు మూడో వంతుకి పైగా పెరుగుతుంది. 8 ఎంబీ పీడీఎఫ్ 11 దాకా వెళ్లి ఆగిపోతుంది. 25 ఎంబీ ఫైలు వెళ్లాలంటే పరిమితి 35 ఎంబీ పెట్టాలి, వెబ్‌మెయిల్ అప్‌లోడ్ పరిమితినీ దానికి తగ్గట్టు పెంచాలి.

ఒకరు ఫోన్‌లో పాత పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేశారనుకోండి. ఫోన్ మాటిమాటికీ లాగిన్‌కి ప్రయత్నిస్తుంది, ఫెయిల్‌2బ్యాన్ అనే కాపలా ప్రోగ్రాం ఆ ఐపీని మూసేస్తుంది. ఆఫీసంతా ఒకే ఐపీ వెనక ఉంది కాబట్టి అందరికీ మెయిల్ ఆగుతుంది. ఆఫీసు స్టాటిక్ ఐపీని మినహాయింపు జాబితాలో చేర్చండి. ఒక్కో మెయిల్‌బాక్స్ గంటకి 100 మెయిళ్లకి మించి పంపకుండా హద్దు పెట్టండి. ఒక్క పాస్‌వర్డ్ దొంగల చేతికి చిక్కితే రాత్రికి రాత్రే వేల స్పామ్ వెళ్లి, తెల్లారేసరికి మీ ఐపీ బ్లాక్‌లిస్టులో ఉంటుంది.

మన చట్టం అడిగేది

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు ప్రైవేటు కంపెనీలకి కూడా వర్తిస్తాయి. లాగ్‌లు (సర్వర్‌లో జరిగిన పనుల నమోదులు) 180 రోజులు దేశంలోనే దాచాలి, సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకి చెప్పాలి, గడియారం ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో కలవాలి. లినక్స్‌లో లాగ్‌లు మామూలుగా నాలుగు వారాలకే తుడిచిపెట్టుకుపోతాయి. డాకర్‌లో అయితే అప్‌డేట్ చేసి కంటైనర్ కొత్తగా లేచినప్పుడే పాత లాగ్ పోతుంది. మొదటి రోజే లాగ్‌లని బయటి ఫైలుకో, వేరే లాగ్ సర్వర్‌కో మళ్లించండి. ఏడబ్ల్యూఎస్‌కి 2022 నవంబరు నుంచి హైదరాబాద్ రీజియన్ ఉంది, డేటా దేశం దాటకూడదనుకునేవాళ్లకి అదొక దారి.

మారడం

ముందు ఐదుగురితో రెండు వారాలు పరీక్ష డొమైన్ మీద నడపండి. మార్పుకి రెండు రోజుల ముందు ఎంఎక్స్ రికార్డు (మెయిల్ ఏ సర్వర్‌కి రావాలో చెప్పేది) టీటీఎల్‌ని, అంటే దాన్ని బయటివాళ్లు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే గడువుని, 300 సెకన్లకి తగ్గించండి. పాత మెయిళ్లని ఐమ్యాప్‌సింక్ అనే ప్రోగ్రాంతో తెచ్చుకోండి. ఎన్నిసార్లు నడిపినా కొత్తవే కాపీ అవుతాయి కాబట్టి వారం ముందు ఒకసారి, మార్చిన రాత్రి ఒకసారి నడపండి. జీమెయిల్ నుంచి వస్తుంటే ఆల్ మెయిల్ ఫోల్డర్‌ని వదిలేయమని చెప్పాలి, లేదంటే ప్రతి మెయిల్ రెండుసార్లు వస్తుంది. క్యాలెండర్, కాంటాక్టులు ఈ దారిలో రావు. వాటిని ఐసీఎస్, వీసీఎఫ్ ఫైళ్లుగా ఎవరివి వాళ్లతో దించి పెట్టించండి.

మార్పు శుక్రవారం రాత్రి పెట్టుకోండి. పాత సర్వీసుని వెంటనే రద్దు చేయకుండా నెల రోజులు ఉంచి, అందులోకి దారితప్పి వచ్చే మెయిల్‌ని రోజూ చూడండి. ఆ నెలలో డీమార్క్ రిపోర్టుల్లో మీకు తెలియని సర్వర్ ఏదైనా, ఉదాహరణకి వెబ్‌సైటు ఫారమో, జీతాల సాఫ్ట్‌వేరో, మీ డొమైన్ పేరుతో మెయిల్ పంపుతూ కనిపిస్తుంది. వాటన్నిటినీ ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో చేర్చాకే పీ విలువని క్వారంటైన్‌కి (స్పామ్‌లో వేయమని), మరికొన్ని వారాలకి రిజెక్ట్‌కి (తిప్పి పంపమని) మార్చండి.