తిరుపతి చలికాలంలో పరుగు అటకెక్కకుండా చూసుకోవడం

దీపావళి దాటాక, రథసప్తమి లోపల చాలామంది పరుగు మానేస్తారు. బద్ధకమని తమను తామే తిట్టుకుంటారు గానీ, ఎక్కువసార్లు లోపం పట్టుదలలో ఉండదు, ఏర్పాటులో ఉంటుంది. తిరుపతిలో చలికాలం ఒకటి కాదు, రెండు. డిసెంబరు నడిమి దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు. ఆ తర్వాత ధనుర్మాసపు చీకటి, మంచు. వాన రోజులకు కుదిరిన పద్ధతి చీకటి రోజులకు కుదరదు.

వానలున్నన్నాళ్లూ ఫలానా వారమని రోజులు పెట్టుకోవద్దు. వారానికి మూడు పరుగులని లెక్క మాత్రం పెట్టుకుని, తెరిపి ఇచ్చిన పూట వెళ్లండి, అది సాయంత్రమైనా సరే. సోమ, బుధ, శుక్రవారాలని గీత గీసుకుంటే, రెండు వారాలు వరసగా బుధవారం వాన పడేసరికి మనసు విరుగుతుంది. మూడు రోజులు ముసురు పట్టి వదలకపోతే ఇంట్లో పొడిగా ఉన్న మెట్ల మీద 15 నిమిషాలు చాలు: ఎక్కేటప్పుడు జోరుగా, దిగేటప్పుడు నడక. దిగేటప్పుడు పరుగెత్తితే మోకాళ్ల మీద భారం పడుతుంది. ఉరుములు వినిపిస్తే మాత్రం మైదానంలో ఉండకూడదు.

వానలో పరుగును నిజంగా ఆపేది తడి బూట్లు. ఈరోజు తడిసినవి రేపటికి ఆరకపోతే రేపు కూడా పోయినట్టే. ఇంటికి రాగానే లేసులు పూర్తిగా వదులు చేసి, లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి విడిగా ఆరేయండి. పాత పేపరు ఉండలు చుట్టి వేళ్ల కొస దాకా కుక్కండి. గంట తిరిగేసరికి ఆ కాగితం నీళ్లు పీల్చి మెత్తగా చేతికి వస్తుంది. తీసేసి పొడి కాగితం పెట్టి, రాత్రంతా ఫ్యాను కింద ఉంచండి. తొందరపడి పొయ్యి దగ్గర పెట్టారంటే వేడికి జిగురు వదిలి అడుగు ఊడుతుంది.

ఇక చీకటి సంగతి. జనవరిలో ఇక్కడ సూర్యుడు వచ్చేసరికి ఆరున్నర దాటుతుంది. వేసవిలో అయిదింటికి లేచినవాళ్లు అదే సమయం పట్టుకుని వేలాడటం వల్లే ఓడిపోతారు. ఉద్యోగం ఒప్పుకుంటే ఒక గంట ఆలస్యంగా బయల్దేరండి. ఒప్పుకోకపోతే బట్టలు, సాక్సులు, తాళంచెవి రాత్రే ఒకచోట పెట్టి, అలారం మంచానికి దూరంగా ఉంచండి. లేవగానే ట్యూబులైటు వేయాలి. చీకట్లో కూర్చుంటే నిద్రమత్తు వదలదు. గడప దాటేముందే ఇంట్లో అయిదు నిమిషాలు కాళ్లు ఊపి, మోకాళ్లు ఎత్తి అక్కడికక్కడే నడవండి. బయట పది నిమిషాలు మెల్లగా పరుగెత్తాక కూడా మనసు రాకపోతే తిరిగి వచ్చేయవచ్చు. ఇది నిజమైన ఒప్పందం, మనసును మోసగించే మాట కాదు. కానీ ఒళ్లు వేడెక్కాక వెనక్కి తిరిగేవాళ్లు తక్కువ, ఎందుకంటే అయిష్టమంతా ఆ మొదటి పది నిమిషాల్లోనే ఉంటుంది.

స్వెట్టరు అక్కర్లేదు. తిరుపతిలో తెల్లవారుజామున మామూలుగా 17 నుంచి 20 డిగ్రీలుంటుంది, మదనపల్లె వైపు ఇంకాస్త తక్కువ. గేటు దగ్గర కొంచెం వణుకు పుట్టేలా ఉంటేనే దుస్తులు సరిపోయినట్టు. నూలు బనీను చెమటకు తడిసి ఒంటికి అంటుకుంటుంది, ఆగగానే చలి పట్టేది దానివల్లే. త్వరగా ఆరే పాలిస్టర్ టీషర్టు వేసుకోండి, ఇంటికి రాగానే మార్చేయండి. దాహం వేయకపోయినా బయల్దేరేముందు ఒక గ్లాసు నీళ్లు తాగాలి.

చోటు విషయంలో మొహమాటం వద్దు. అలిపిరి, జూపార్కు వైపు రోడ్లు శేషాచలం అడవిని ఆనుకుని ఉంటాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టనపెట్టుకుంది. యూనివర్సిటీ ఆవరణల్లోనూ చిరుతలు కనబడ్డాయి. తెల్లారేదాకా అటు వెళ్లకండి, వీధిదీపాలు, జనం ఉన్న ఊరి రోడ్లే మేలు. ఎదురొచ్చే బండ్లు కనబడేలా రోడ్డుకు కుడివైపున, లేత రంగు చొక్కాతో పరుగెత్తండి. భోగి నాడు తెల్లవారుజామున వీధివీధినా పొగే కాబట్టి ఆ పూట మానేసి సాయంత్రం వెళ్లండి. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరులోనే పరుగెత్తిన రోజు చుట్టూ సున్నా చుట్టండి. ఇంట్లో అందరి కళ్లూ పడతాయి, వారంలో మూడు సున్నాలు లేకపోతే అడిగేవాళ్లు ఉంటారు. ముక్కు కారడం, తుమ్ములు మాత్రమే ఉంటే మెల్లగా వెళ్లవచ్చు. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలో దగ్గు ఉంటే పూర్తిగా తగ్గేదాకా విశ్రాంతే. రెండు వారాలు పోయాక మళ్లీ మొదలుపెడితే పాత దూరంలో సగంతో మొదలుపెట్టండి. పోయినదంతా ఒక్క ఆదివారంలో రాబట్టుకోవాలని చూస్తే పిక్కలు పట్టేసి, ఇంకో వారం మంచం దిగనివ్వవు.