అంటారియోకు కొత్తగా వచ్చినవారు ఇల్లు చూసుకోవడం ఎలా

కెనడాలోని అంటారియో రాష్ట్రంలో టొరంటో, బ్రాంప్టన్, మిస్సిసాగా ప్రాంతాలకు వచ్చే తెలుగు కుటుంబాలు విమానం ఎక్కకముందే ఇల్లు ఖాయం చేసుకోవాలని ఆత్రపడుతుంటాయి. ఆ ఆత్రాన్ని మోసగాళ్లు బాగా వాడుకుంటారు. చుట్టుపక్కల అద్దెల కంటే చాలా తక్కువకు ఇల్లు ఇస్తామని ప్రకటన పెట్టి, యజమాని ఊళ్లో లేడని చెప్పి, తాళాలు పంపడానికి ముందుగా డబ్బు అడుగుతారు. అందువల్ల మొదటి రెండు మూడు వారాలు బంధువుల ఇంట్లోనో, రోజులవారీ అద్దె గదిలోనో ఉండి, అసలు ఇల్లు కళ్లారా చూసిన తర్వాతే డబ్బు కట్టండి. అది వీలుకాకపోతే, ఇక్కడ ఉన్న నమ్మకస్తుడినైనా పంపి చూపించండి.

భారతదేశంలో ఉండగానే చేయదగిన మంచి పని మరొకటి ఉంది. పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఆమోదం పొందినవారికి కెనడా ప్రభుత్వ నిధులతో ప్రయాణానికి ముందే ఉచిత సలహా సేవలు అందుతాయి. దిగిన తర్వాత టొరంటోలో కోస్టి, బ్రాంప్టన్, మిస్సిసాగాలు ఉన్న పీల్ ప్రాంతంలో న్యూకమర్ సెంటర్ ఆఫ్ పీల్, ఇండస్ కమ్యూనిటీ సర్వీసెస్ వంటి సంస్థలలో సెటిల్‌మెంట్ వర్కర్‌ను, అంటే కొత్తగా వచ్చినవారికి దారి చూపే ఉద్యోగిని కలవవచ్చు. ఇల్లు వెతికే పద్ధతి, హెల్త్ కార్డు, ఆంగ్ల తరగతులు, పిల్లల బడి మొదలైన విషయాలన్నింటిలో వారు రుసుము లేకుండా సాయం చేస్తారు. మనవాళ్లు ఇటువంటి చోటికి వెళ్లడానికి మొహమాటపడి, తెలిసినవారు వాట్సాప్‌లో చెప్పిన మాటల మీదే ఆధారపడటం చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆ సేవలు ఉన్నది మీ కోసమే, నిస్సంకోచంగా వెళ్లండి. అయితే కెనడా కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే సేవలు ప్రధానంగా పీఆర్ ఉన్నవారికి, శరణార్థులుగా గుర్తింపు పొందినవారికి మాత్రమే. విద్యార్థులు ముందుగా తమ కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగాలి. ఎవరైనా సరే, ఏ సేవ ఎక్కడ దొరుకుతుందో తెలియనప్పుడు 211కు ఫోన్ చేయవచ్చు. రాత్రీ పగలూ పలుకుతారు, దుబాసీ సాయం కూడా దొరుకుతుంది.

ఇల్లు నచ్చిన తర్వాత అడ్వాన్స్ విషయం వస్తుంది. హైదరాబాదులో రెండు నెలలు, బెంగళూరులో అంతకంటే ఎక్కువ ఇచ్చి అలవాటుపడిన మనకు ఇక్కడ ఎంత అడిగినా న్యాయంగానే తోస్తుంది. కానీ అంటారియో అద్దె చట్టం ప్రకారం యజమాని తీసుకోదగిన డిపాజిట్ గరిష్ఠంగా ఒక నెల అద్దె మాత్రమే, అది కూడా చివరి నెల అద్దె కింద సర్దుబాటు కావాలి. తాళాలకు తిరిగి ఇచ్చే చిన్న మొత్తం అడగవచ్చు గాని, ఇంటికి నష్టం జరిగితే అన్న పేరుతో డిపాజిట్ తీసుకోకూడదు. ఆరు నెలల అద్దె ముందే కట్టమనడానికి, తర్వాతి తేదీల చెక్కులు ఇచ్చి తీరాలని పట్టుబట్టడానికి కూడా వీల్లేదు. కెనడాలో క్రెడిట్ చరిత్ర (అప్పులు, బిల్లులు సక్రమంగా కట్టిన రికార్డు) లేదన్న ఒక్క కారణంతో కొత్తగా వచ్చినవారిని తిరస్కరించడం తగదని అంటారియో మానవ హక్కుల కమిషన్ చెబుతోంది. ఆ లోటు తీర్చడానికి ఉద్యోగ నియామక పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్, ఇంతకు ముందు ఇంటి యజమాని రాసిచ్చిన లేఖ వెంట ఉంచుకోండి. ఇల్లు అద్దెకు తీసుకోవడానికి సిన్ నంబరు (ఉద్యోగానికి, పన్నులకు ప్రభుత్వం ఇచ్చే సోషల్ ఇన్సూరెన్స్ నంబరు) చట్టరీత్యా అవసరం లేదు, కాబట్టి దానిని ఇవ్వకండి.

అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉంది: వంటగదిని గాని, స్నానాలగదిని గాని యజమానితోనో, ఆయన భార్యాబిడ్డలతోనో, తల్లిదండ్రులతోనో కలిసి వాడుకోవాలా? అలా వాడుకోవలసిన ఇంటికి ఈ అద్దె చట్టం వర్తించదు; అంటే పైన చెప్పిన రక్షణలలో చాలా భాగం మీకు ఉండవు. మన విద్యార్థులు చేరే ఇళ్లలో ఇది తరచుగా ఎదురయ్యే పరిస్థితి. నలుగురు కలిసి ఉన్నప్పుడు ఒక్కరి పేరు మీదే లీజు రాస్తే, ఆ ఒక్కరు వెళ్లిపొమ్మన్నప్పుడు మిగతా ముగ్గురు ఈ చట్టం ఆసరా లేకుండా నిలబడవలసి రావచ్చు. నలుగురూ సంతకం చేస్తే ఆ చిక్కు తీరుతుంది గాని, ఒకరు అద్దె ఎగవేసినా పూర్తి మొత్తానికి అందరూ బాధ్యులే అవుతారు. ఎవరితో కలిసి సంతకం చేస్తున్నారో బాగా ఆలోచించుకోండి.

బేస్‌మెంట్ ఇల్లు చవక, ఎండ తక్కువ. అద్దె మాట్లాడేముందు పొగను, కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారాలు పనిచేస్తున్నాయో లేదో చూడండి. మంటలు రేగితే మనిషి బయటపడగల దారి గాని, కిటికీ గాని ఉందో లేదో గమనించండి. బ్రాంప్టన్‌లో ఇలా ఒకే ఇంటిలో విడిగా ఏర్పరచిన రెండవ నివాసాన్ని నగరపాలక సంస్థ వద్ద నమోదు చేయించాలి. నమోదు అయిందా అని యజమానిని నేరుగా అడగడంలో తప్పులేదు. హీటింగ్ యజమాని చేతిలో ఉన్న ఇళ్లలో సెప్టెంబరు 1 నుంచి జూన్ 15 వరకు కనీసం 20 డిగ్రీల వెచ్చదనం ఉంచాలన్నది చట్టంలోని నియమం.

2018 ఏప్రిల్ 30 నుంచి రాసుకునే చాలా లీజులు ప్రభుత్వం నిర్ణయించిన నమూనా పత్రంలోనే ఉండాలి. యజమాని ఆ పత్రం ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి. 21 రోజుల్లో ఇవ్వాలి. 2018 నవంబరు 15 తర్వాత మొదటిసారి నివాసంలోకి వచ్చిన ఇళ్లకు వార్షిక అద్దె పెంపు పరిమితి వర్తించదు కనుక, కొత్త కాండోలలో (విడివిడి యజమానులున్న అపార్ట్‌మెంట్లలో) చేరేవారు ఆ సంగతి మనసులో పెట్టుకోవాలి. అద్దె చట్టం వర్తించే ఏ ఇంట్లోనైనా పెంపు 12 నెలలకు ఒకసారే, అదీ 90 రోజుల ముందు రాతపూర్వక నోటీసుతోనే జరగాలి.

నగదు రూపంలో అద్దె ఇస్తే ప్రతిసారీ రసీదు తీసుకోండి. అడిగితే ఉచితంగా ఇవ్వడం యజమాని బాధ్యత. తరువాత వివాదం తలెత్తినా, అంటారియో ట్రిలియం బెనిఫిట్ అనే ప్రభుత్వ సాయానికి దరఖాస్తు చేసినా ఆ కాగితాలే సాక్ష్యం. ఇల్లు ఖాళీ చేయమని యజమాని నోటితో చెప్పినా, కాగితం ఇచ్చినా, వెంటనే సామాను సర్దుకోనక్కరలేదు. అద్దె వివాదాలు తీర్చే ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డు ఉత్తర్వు లేకుండా తాళం మార్చే అధికారం ఆయనకు లేదు. ఆదాయం తక్కువగా ఉన్నవారు తమ ప్రాంతంలోని కమ్యూనిటీ లీగల్ క్లినిక్‌లో ఉచితంగా న్యాయసలహా పొందవచ్చు. నోటీసు అందిన రోజే అక్కడికి ఫోన్ చేయండి.