మట్టిగోడ మీద ఉబ్బెత్తు బొమ్మ: మన్ను తొక్కడం దగ్గర్నుంచి జాజు పూత దాకా

గోడ మీద మట్టిబొమ్మ వెయ్యాలంటే చెయ్యి తిరగాలి అనుకుంటారు చాలామంది. అంతకన్నా ముందు మన్ను కుదరాలి. మన్ను కుదిరితే డ్రాయింగ్ రానివాళ్ల బొమ్మ కూడా ఏళ్ల తరబడి నిలుస్తుంది. కుదరకపోతే ఎంత గొప్ప బొమ్మయినా ఆరేలోపే నెర్రెలిచ్చి రాలిపోతుంది. అందుకే నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చినవాళ్లని మొదటి రోజు గోడ దగ్గరికి రానివ్వను. మన్ను తొక్కమంటాను.

మాది శ్రీకాకుళం జిల్లా. సముద్రం వైపు ఊళ్లలో ఇప్పటికీ అక్కడక్కడ చుట్టిళ్లు కనిపిస్తాయి: గుండ్రటి మట్టిగోడ, బాగా కిందికి వాలిన కప్పు. మూలలు లేవు కాబట్టి తుపాను గాలి చుట్టూ జారిపోతుంది, చూరు కిందికి ఉంది కాబట్టి గోడ తడవదు. బొమ్మకీ అదే కావాలి. కనీసం రెండడుగుల చూరు లేని గోడ మీద బయటివైపు బొమ్మ వెయ్యకండి. వసారా లోపలి గోడ అయితే బెంగ లేదు.

ముందు మన్ను సంగతి. పైన గడ్డివేళ్లు ఉన్న మట్టిని పక్కకి లాగేసి, ఒక అడుగు కిందనుంచి ఎర్రమన్ను తవ్వండి. నల్లరేగడి వద్దు. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బీటలు వారుతుంది. అది దాని గుణం, ఏం కలిపినా పూర్తిగా పోదు. మన్నులో బంక ఎంతుందో తెలియాలంటే గాజు సీసాలో మూడోవంతు మన్ను, మిగతా నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి వదిలెయ్యండి. ఇసుక నిమిషంలో అడుగుకి చేరుతుంది, ఒండ్రు గంటల్లో దిగుతుంది, బంకమన్ను తేరడానికి ఒక రోజు పైనే పడుతుంది. పై పొర మరీ పలచగా ఉంటే పుట్టమన్ను కొంత కలుపుకోండి. పాడుబడ్డ పుట్ట అయితేనే సుమా, పూజలందుకునే పుట్ట జోలికి వెళ్లొద్దు.

నేను వాడే పాళ్లు ఇవి: జల్లించిన ఎర్రమన్ను రెండు తట్టలు, ఇసుక ఒక తట్ట, పచ్చి పేడ అర తట్ట, వేలెడేసి ముక్కలుగా నరికిన వరిగడ్డి ఒక తట్ట. నీళ్లు చల్లుతూ కాళ్లతో తొక్కి, తడిగోనె కప్పి ఓ వారం మాగనివ్వాలి. రోజూ ఒకసారి తొక్కాలి. వాసన వస్తుంది, పట్టించుకోకండి. గడ్డి మెత్తబడి మన్నులో కలిసిపోతే పట్టు పెరుగుతుంది. చివరికి గారెల పిండిలా చేతికి అంటీ అంటకుండా ఉండాలి. అరచేతంత బిళ్ల గోడకి కొట్టి నీడలో ఆరనిచ్చి చూడండి. పగిలితే ఇసుకో గడ్డో చాలలేదు. వేలితో గీకితే పొడి రాలితే బంక చాలలేదు.

ఇక గోడ. కొడవలి మొనతో అడ్డదిడ్డంగా గీతలు గీసి, నీళ్లు చల్లి, పలచటి మట్టిజావ పులమండి. సిమెంటు గోడ నున్నగా ఉంటుంది, మన్ను పట్టదు. అలాంటి ఇంట్లో వెదురు తడిక మీద బొమ్మ చేసి తగిలించుకోవడం నయం.

బొమ్మని ఒక్కసారే లావుగా పెట్టకూడదు. వేలి మందాన ఒక పొర వేసి, అది కాస్త బిగిశాక గీతలు పెట్టి, తడిపి, పై పొర వెయ్యాలి. రెండంగుళాలకన్నా ముందుకొచ్చే భాగాలకి, అంటే ఆవు మూతికో కోడి ఛాతీకో, ముందే గోడలోకి వెదురు మేకులు దిగ్గొట్టి పురికొస చుట్టండి. అందరూ నెమలే వేస్తామంటారు. సన్నటి మెడ, ముక్కు ముందు విరిగేవి అవే. గుమ్మడితీగ, పిల్లలకోడి, ఎద్దు లాంటివి మన్నుకి బాగా నప్పుతాయి. అంచులు కిందివైపు లోపలికి తొలవకండి, కందిరీగలు గూడు పెడతాయి. పొద్దున్న ఏటవాలు ఎండ పడేటప్పుడు చూస్తే ఎక్కడ ఎత్తు చాలలేదో నీడే చెబుతుంది.

కిటికీకి మట్టి జాలీ కావాలంటే ఛత్తీస్‌గఢ్ సర్గుజా ప్రాంతపు సోనాబాయి రజవార్ పనిని చూడండి. పుహ్‌పుత్ర ఊళ్లో తన ఇంటికోసం ఎవరూ నేర్పకుండానే మొదలుపెట్టిందామె. వెదురు బద్దల్ని గుండ్రాలుగా వంచి, ఒకదానికొకటి కట్టి, మన్ను పూసి, ఆ కన్నాల్లో పిట్టల్ని, మనుషుల్ని కూర్చోబెట్టింది. గాలీ వస్తుంది, ఎండా తగ్గుతుంది. అలంకారమూ అవసరమూ విడిగా లేని ఆ పనే నాకు అన్నిటికన్నా ఇష్టం.

ఆరబెట్టడానికి సంక్రాంతి తర్వాత రోజులు మంచివి. కొత్త గడ్డీ దొరుకుతుంది. మే నెల వడగాలిలో పైన ఆరి లోపల పచ్చిగా ఉండి పగులుతుంది. తప్పకపోతే తడిగోనె వేలాడదీయండి. సన్నటి నెర్రెలు కనపడితే సగం తడి ఉండగానే చేత్తో అలికి, నున్నటి గులకరాయితో రుద్దండి.

పూర్తిగా ఆరాక మెత్తటి మన్ను, పేడ కలిపిన పలచటి అలుకు, దానిమీద జాజు (ఎర్రమట్టి రంగు), సుద్ద. ప్లాస్టిక్ పెయింట్ వేస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక పెచ్చులుగా ఊడుతుంది. షాపులో ఎంత చెప్పినా వినకండి.

మిగిలిన మన్ను పారెయ్యకుండా ముద్దలుగా ఎండబెట్టి సంచిలో పెట్టుకోండి. వానాకాలం పోయాక ఎక్కడైనా పెచ్చు లేస్తే, ఆ ముద్దలే నలగ్గొట్టి నానబెట్టి అతికితే రంగు తేడా రాదు.