ఫోన్‌లో సైట్ చెదిరిపోతోందా? లక్షణం చూసి కారణం పట్టండి

నల్గొండలో బత్తాయి వ్యాపారికి వర్డ్‌ప్రెస్‌లో సైట్ చేసిస్తే ఆయన ల్యాప్‌టాప్ తెరిచి చూడడు, చేతిలో ఉన్న ఫోన్‌లోనే చూస్తాడు. వెంటనే ఫోన్: "ఇదేందన్నా, సగమే కనవడ్తుంది?" టెన్షన్ పడి కోడ్ మీద చెయ్యి వేయకండి. ముందు ఆయన క్రోమ్ మెనూలో 'డెస్క్‌టాప్ సైట్' టిక్ పెట్టి ఉందేమో అడగండి. చాలాసార్లు కథ అక్కడే ముగుస్తుంది.

పేజీ అంతా కనిపిస్తోంది, కానీ అక్షరాలు చీమలంత

థీమ్‌లో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ లేదు. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ పేజీని దాదాపు 980 పిక్సెళ్ల వెడల్పులో పరిచి, తర్వాత కుదించి చూపిస్తుంది. హెడర్ ఫైల్‌లో ఆ ట్యాగ్ పెట్టి, వెడల్పుకు డివైస్-విడ్త్, ఇనిషియల్-స్కేల్‌కు 1 ఇవ్వండి. చైల్డ్ థీమ్‌లో (అసలు థీమ్‌ను ముట్టకుండా మన మార్పులు పెట్టుకునే అనుబంధ థీమ్) చేయండి, లేదంటే అప్‌డేట్ రాగానే పోతుంది. జూమ్‌ను మాత్రం ఆపేయొద్దు, చత్వారం ఉన్నవాళ్లూ చూస్తారు.

పేజీ పక్కకు జరుగుతోంది

ఏదో ఒకటి తెర కంటే వెడల్పుగా ఉంది. బత్తాయి రేట్ల పేజీలో అయితే అది పట్టికే: తేదీ, రకం, లాట్, బరువు, కనిష్ఠం, గరిష్ఠం... ఆరు నిలువు వరుసలు 360 పిక్సెళ్లలో పట్టవు. దోషి ఎవరో తెలియకపోతే అన్ని ఎలిమెంట్లకూ తాత్కాలికంగా ఎర్ర అవుట్‌లైన్ పెట్టండి, బయటికి పొడుచుకొచ్చింది దొరికిపోతుంది. పట్టికను ఒక డివ్‌లో పెట్టి దానికి ఓవర్‌ఫ్లో-ఎక్స్ ఆటో ఇవ్వండి. ఫొటోలకు మ్యాక్స్-విడ్త్ 100%, హైట్ ఆటో.

కొందరు బాడీకి ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టి చేతులు దులుపుకుంటారు. అప్పుడు చివరి నిలువు వరుస, అంటే రైతు చూడాలనుకున్న ఆ గరిష్ఠ ధరే, తెగిపోతుంది.

ల్యాప్‌టాప్‌లో ఫోన్ మెనూ, ఫోన్‌లో పెద్ద మెనూ, అదీ ఒక్కోసారి ఒక్కోలా

తల తినేది ఇదే. మీకు బాగానే ఉంటుంది, ఓనర్‌కే తేడాగా వస్తుంది. థీమ్‌లో 'డబ్ల్యుపి ఈజ్ మొబైల్' అనే ఫంక్షన్ ఉందేమో వెతకండి. అది తెర వెడల్పు చూడదు, బ్రౌజర్ తన గురించి పంపే సమాచారం చూసి సర్వర్‌లోనే నిర్ణయిస్తుంది. క్యాష్ ప్లగిన్ కూడా ఉంటే, ముందుగా వచ్చినవాళ్ల కోసం తయారైన పేజీని దాచి అందరికీ అదే వడ్డిస్తుంది. పొద్దున ఎవరో ఫోన్‌లో తెరిస్తే, తర్వాత ల్యాప్‌టాప్‌లో తెరిచినవాళ్లకూ ఫోన్ మెనూయే. లాగిన్ అయి ఉన్నవాళ్లకు సాధారణంగా క్యాష్ పేజీ వెళ్లదు, అందుకే మీకు తప్పు కనిపించదు.

కాబట్టి ఇన్‌కాగ్నిటోలో చూడండి. విండోను మౌస్‌తో ఇరుకు చేస్తే మెనూ మారిందా, పని సీఎస్‌ఎస్‌ది, అంటే పేజీ రూపాన్ని చెప్పే కోడ్‌ది. మారలేదా, ఫోనా కాదా అని చూసే డిటెక్షన్ కోడ్‌ది కావచ్చు.

తాత్కాలికంగా ప్లగిన్‌లో మొబైల్‌కు వేరే క్యాష్ ఆన్ చేయొచ్చు, సీడీఎన్ (పేజీల కాపీలను వేర్వేరు చోట్ల ఉన్న సర్వర్ల నుంచి అందించే సేవ) ఉంటే అక్కడా చూసుకోవాలి. నా ఓటు మాత్రం ఆ ఫంక్షన్‌ను మెనూ నుంచి తీసేసి, మీడియా క్వెరీకి (తెర వెడల్పును బట్టి వర్తించే సీఎస్‌ఎస్ రూల్) అప్పగించడానికే. ఎందుకంటే ఆ ఫంక్షన్ కొన్ని ట్యాబ్లెట్లనూ మొబైల్‌గానే లెక్కేస్తుంది, 2019లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 13 నుంచి ఐప్యాడ్ సఫారీ ఏమో తనను మ్యాక్‌గా చెప్పుకుంటోంది.

మీడియా క్వెరీ రాసినా కదలిక లేకపోతే, అదే సెలెక్టర్‌కు మామూలు రూల్ దాని కింద ఉందేమో చూసి, క్వెరీని ఫైల్ చివరికి మార్చండి. తర్వాత క్యాష్ ఖాళీ చేసి ఓనర్ ఫోన్‌లోనే తెరిపించండి.